ఎవరి మాట నమ్మి గుడి చూద్దాం?



ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి చాలామంది ఇళ్ళలో డిసెంబరు సెలవులకు ఇండియా టిక్కెట్లు కొనడం అయిపోయి ఉంటుంది. పెళ్ళిళ్ళు, బట్టల కొట్లు, పళ్ళ డాక్టరు, బంధువుల ఇళ్ళలో భోజనాలు పోగా మిగిలే నాలుగు రోజుల్లో పిల్లలకు ఒకటి రెండు పాత గుళ్ళు చూపించాలని అందరికీ ఉంటుంది. కిందటి నెల శనివారం ప్రసాదం లైనులో నిలబడి ఉండగా ఈ మాటే వచ్చింది. "గైడుకోసం వెతకడం ఎందుకండీ, గుమ్మం దగ్గర ఎవడో ఒకడు దొరుకుతాడు, రెండొందలు పడేస్తే అన్నీ చూపిస్తాడు" అన్నారు ఒక పెద్దాయన. మేము నవ్వి ఊరుకున్నాము. ఇంటికొచ్చాక ఊరుకోవలసింది కాదేమో అనిపించింది. ఎందుకంటే రెండేళ్ళ క్రితం మేము కూడా అచ్చంగా అదే అన్నాము, అదే చేశాము.

అప్పుడు వెళ్ళింది లేపాక్షికి. బెంగుళూరు నుంచి కారులో పొద్దున్నే బయలుదేరాము. మేము, పదకొండేళ్ళ మా అమ్మాయి, మా నాన్నగారు. నాన్నగారు చిన్నప్పుడు ఎప్పుడో చూసిన గుడి అది. దారి పొడుగునా జటాయువు కథ చెబుతూనే ఉన్నారు. రావణుడితో పోరాడి రెక్కలు తెగి పడిపోయిన పక్షిని రాముడు "లే పక్షీ" అన్నాడని, అందుకే ఆ ఊరికి ఆ పేరని. మా అమ్మాయి చెవులు రిక్కించి విన్నది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకి తెలుగు మాటలోంచి ఒక ఊరి పేరు పుట్టుకు రావడం వింతగానే ఉంటుంది.

గుడి గుమ్మం దగ్గర పాతికేళ్ళ కుర్రాడొకడు ఎదురొచ్చాడు. ఐదొందలు అడిగాడు. రెండొందల యాభైకి ఒప్పించాము. డాలర్లలో లెక్కేస్తే ఒక కాఫీ ఖరీదు కూడా కాని దానికోసం ఐదు నిమిషాలు బేరమాడాము. అతని మెడలో కార్డు లేదు, మేమూ అడగలేదు. పాపం, మంచి మాటకారి. చకచకా తిప్పాడు. వేలాడే స్తంభం కింద నుంచి తువ్వాలు ఇటునుంచి అటు లాగి చూపించాడు. ఇంగ్లీషు ఇంజనీరు ఒకడు దీని రహస్యం తెలుసుకోబోయి గుడంతా కూల్చబోయాడని, మండపం మొత్తం ఊగిపోయిందని, పక్కనే ఉండి చూసినట్టు చెప్పాడు. రాతిలో ఉన్న పెద్ద పాదం ముద్ర దగ్గర, ఇది సీతమ్మ పాదమని, ఇందులో నీరు ఎక్కడినుంచి వస్తుందో ప్రపంచంలో ఏ సైంటిస్టూ కనిపెట్టలేకపోయాడని చెప్పాడు. నాగలింగం దగ్గర మా అమ్మాయిని రాతి పీఠం మీదికి ఎక్కించి ఫోటో తీశాడు. మేము పక్కనుంచి "నవ్వు, నవ్వు" అంటున్నాము. అది కూడా ఒప్పుకోవాలి.

చివరకు ఒక గోడ దగ్గర ఆపాడు. గోడమీద రెండు ఎర్రటి మరకలు ఉన్నాయి. గుడి కట్టించిన విరూపణ్ణ విజయనగర రాజు కోశాధికారి అని, రాజు సొమ్ము అడగకుండా గుడికి ఖర్చుపెట్టాడని నేరం పడితే, తనే తన కళ్ళు పీక్కుని ఈ గోడకేసి కొట్టాడని చెప్పాడు. "అదే ఆ రక్తం. ఐదు వందల ఏళ్ళయినా ఎరుపు పోలేదు. చూడు పాపా, ముట్టుకో" అన్నాడు.

మా అమ్మాయి గోడ కేసి చూడలేదు. మా మొహం కేసి చూసింది. "ఇది నిజంగా రక్తమేనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

డాక్టరుగా ఇరవై ఏళ్ళ అనుభవం ఉండి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నోరు రాలేదు. రక్తం ఎర్రగా ఉండేది అందులో ఉన్న హిమోగ్లోబిన్ వల్ల. శరీరం బయటికి వచ్చి గాలికి ఆరితే ఆ ఎరుపు నిలవదు. ఆపరేషన్ థియేటర్లో గౌనుమీద పడ్డ చుక్క మర్నాటికి గోధుమరంగు అవుతుంది, తర్వాత ఇంచుమించు నల్లబడుతుంది. ఎండకు, వానకు, అయిదు శతాబ్దాలకు ఎర్రగా నిలిచే రక్తం ఉండదు. ఈ సంగతి హైస్కూలు బయాలజీ చదివిన పిల్లకి కూడా తెలుస్తుంది, తెలిసే రోజు మా ఇంట్లో ఎంతో దూరంలో లేదు. మేము నసుగుతుంటే నాన్నగారు కల్పించుకుని, "గుడిలో అలాంటి ప్రశ్నలు అడగకూడదమ్మా" అన్నారు. ఆ కుర్రాడు "నమ్మకం ఉంటే కనపడుతుంది పాపా" అన్నాడు. పిల్ల ఇంకేమీ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లోంచి అడిగింది. "తాతయ్యా, మరి జటాయువు కూడా ఆ రక్తంలాంటిదేనా?"

నాన్నగారికి కోపం వచ్చింది. మాకు భయం వేసింది. పిల్లల మనసులో ఈ విషయాలన్నీ ఒకే మూటలో ఉంటాయి. రామాయణం, శాసనం, ఊరి కథ, గైడు అప్పటికప్పుడు అల్లిన మాట, అన్నీ "ఇండియాలో గుడి దగ్గర పెద్దవాళ్ళు చెప్పినవి" అనే ఒక్క మూట. అందులో ఒకటి అబద్ధమని తేలితే మూట మొత్తం పారేస్తారు. పన్నెండు, పదమూడేళ్ళ వయసులో ఈ దేశంలో మన పిల్లల్లో కొందరు గుడికి రామని మొరాయించడానికి కారణాలు చాలా ఉన్నాయి. మనమే డబ్బులిచ్చి వాళ్ళ చెవిలో పోయించిన అసత్యాలు వాటిలో ఒకటి కావని మేము ధైర్యంగా చెప్పలేము.

ఆ రాత్రి హిందూపురంలో మా చుట్టాలింట్లో ఉన్నాము. వాళ్ళాయన స్కూలు మాస్టారు. సంగతి విని ఏమీ అనలేదు, ఫోను తీసి ఎవరికో చెప్పారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ లేపాక్షి వెళ్ళాము. ఈసారి ఎదురొచ్చింది యాభై దాటిన ఒకాయన. మెడలో పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు, దానిమీద ఫోటో, పేరు, నంబరు ఉన్నాయి. నిన్న ఇచ్చినదానికి అయిదు రెట్లు తీసుకున్నారు. బేరం ఆడబోతే మాస్టారు చూసిన చూపుకి ఆగిపోయాము.

ఆయన చెప్పే తీరు మేము ఇప్పటికీ తలుచుకుంటాము. ప్రతి విషయానికీ ముందు, ఇది ఎక్కడిదో చెప్పేవారు. "ఇది గోడమీద శాసనంలో ఉందమ్మా." "ఇది ఊళ్ళో పెద్దలు చెప్పుకుంటారు." "ఇది నా ఊహ." మూడింటికీ ఆయన గొంతు కూడా మూడు రకాలుగా ఉండేది. గుడి అచ్యుతదేవరాయల కాలంలో, అంటే పదహారో శతాబ్దం మొదటి సగంలో, విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ కట్టించినదని, దానాల సంగతులు శాసనాల్లో ఉన్నాయని, కళ్ళ కథ మాత్రం జనం నోట నిలిచినదని చెప్పారు. మండపంలో మెడ వెనక్కి వాల్చి పైకప్పు చూడమన్నారు. నిన్న మేము ఆ పైకప్పు చూడనేలేదు. పొడవాటి కుళ్ళాయి టోపీలు పెట్టుకుని పరివారంతో దేవుడికి మొక్కుతున్న అన్నదమ్ముల్ని చూపించి, "గుడి కట్టించినవాళ్ళ మొహాలు మనకి మిగలడం అరుదు పాపా, ఇక్కడ మిగిలాయి" అన్నారు. ఆడవాళ్ళ చీరల అంచులు ఒక్కొక్కటీ చూపించి, ఏ రెండూ ఒకలా లేవు చూడమన్నారు. మా అమ్మాయి అక్కడే నేలమీద వెల్లకిలా పడుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

వేలాడే స్తంభం దగ్గర తువ్వాలు లాగలేదు. రోజుకి వందలమంది లాగితే రాయి ఏమవుతుందో మీరే చెప్పండి అన్నారు. ఇంజనీరు కథ అడిగితే, "చెప్పుకుంటారు, నేనూ చెబుతాను, కానీ కాగితం మీద నేను చూడలేదు" అన్నారు. చివరకు ఆ గోడ దగ్గరికి వచ్చాము. మా అమ్మాయి ఆయన్ని సూటిగా అడిగింది. ఆయన కాసేపు ఆగి, "రక్తం కాదమ్మా, రంగో, రాతిలో ఇనుమో నాకు తెలియదు. కానీ విరూపణ్ణకి అన్యాయం జరిగిందని ఈ ఊరు అనుకుంది. ఊరు ఆయన్ని మర్చిపోలేక ఈ మరకలు చూపించి ఇన్నేళ్ళుగా చెప్పుకుంటోంది. అది మాత్రం నిజం" అన్నారు.

"తెలియదు" అన్న ఆ మాటకి మా అమ్మాయి మొహంలో వచ్చిన వెలుగు మేము మాటల్లో చెప్పలేము. ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా నమ్మింది.

మన న్యాయశాస్త్రంలో జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్పారు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఇంకొకరి మాట. ఎవరి మాట పడితే వారిది కాదు, ఆప్తుడి మాట. ఇక్కడ ఒక చిన్న చిత్రం ఉంది. తెలుగులో ఆప్తుడంటే దగ్గరివాడు, కావలసినవాడు అనే అర్థం స్థిరపడిపోయింది. శాస్త్రంలో ఆప్తుడు అది కాదు. గౌతముడి న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి ప్రకారం, విషయాన్ని స్వయంగా తెలుసుకున్నవాడు, తెలుసుకున్నది ఉన్నట్టుగా చెప్పాలనే కోరిక ఉన్నవాడు ఆప్తుడు. రెండూ ఉండాలి. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటే అని కూడా ఆయన అన్నాడు. అంటే పుట్టుక చూడనక్కరలేదు, ఈ రెండే చూడాలి.

మొదటిరోజు కుర్రాడికి మొదటిది లేదు. దానికి అతన్ని తప్పుపట్టడం కష్టం, ఎవరూ నేర్పలేదు. రెండోది మేము లేకుండా చేశాము. బేరమాడి సగానికి తగ్గించినవాడు గబగబా తిప్పి ఇంకొకరిని చూసుకోవాలి. మేము "అబ్బ!" అన్న చోటల్లా అతను కథ ఇంకొంచెం పెంచాడు. ఉన్నదున్నట్టు చెప్పేవాడికి బహుమానం లేని చోట అలా చెప్పాలనే కోరిక ఎవరికి మిగులుతుంది?

మరి లైసెన్సు కాగితం ఆప్తుణ్ణి చేస్తుందా? ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. మేము వైద్యం చదివిన దేశం వేరు, చేస్తున్న దేశం వేరు. పట్టా చేతిలో ఉండగా ఇక్కడికొచ్చి మళ్ళీ పరీక్షలు, మళ్ళీ రెసిడెన్సీ. అప్పట్లో లోలోపల మండిపోయేది. మా చేతికి తెలిసిన విద్య సముద్రం దాటగానే మాయమైపోతుందా అనుకునేవాళ్ళము. ఇన్నేళ్ళ తర్వాత ఇంకోలా కనిపిస్తోంది. గోడకి తగిలించిన ఆ కాగితం మేము గొప్ప డాక్టర్లమని చెప్పదు. లైసెన్సు ఉన్న అసమర్థులను మేమూ చూశాము. ఫలానా మెట్టు దాటామని, తప్పు చేస్తే రోగి వెళ్ళి ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉందని, ఆ చోటువాళ్ళు పిలిస్తే మేము వెళ్ళి నిలబడాలని మాత్రమే చెబుతుంది. ఏమీ తెలియని కొత్త రోగి మొదటిరోజు మమ్మల్ని నమ్మడానికి అంతకన్నా ఆధారం ఏముంది?

పరదేశంలో, పరఊళ్ళో యాత్రికుడు కూడా ఆ రోగిలాంటివాడే. పరీక్షించుకునే తెలివి అతనికుంటే గైడే అక్కర్లేదు.

పూర్వం దీనికి మన పద్ధతి మనకుంది. గయలోనో కాశీలోనో పండాల దగ్గర ఉండే వహీలు, అంటే పెద్ద పెద్ద లెక్కల పుస్తకాలు, చూసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ఊరి పేరు, ఇంటిపేరు చెబితే ముత్తాత చేతిరాత తీసి చూపిస్తారు. దాని మంచిచెడ్డలు, అక్కడి బేరాలు పక్కన పెడదాం. ఆ పుస్తకం కూడా ఒక రిజిస్టరే. ఈ తరాన్ని మోసం చేస్తే వచ్చే తరం ఆ ఇంటి గడప తొక్కదు. పేరు లేనివాడి దగ్గర, మళ్ళీ జన్మలో కనపడనివాడి దగ్గర ఆ కట్టడి ఉండదు.

చట్టం మాటకొస్తే, ఇండియాలో పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో డబ్బు తీసుకుని సందర్శకులను తిప్పి చూపించాలంటే ఆ శాఖ అధికారి ఇచ్చిన లైసెన్సు ఉండాలని 1959 నాటి నియమాల్లోనే ఉంది. లేపాక్షి వీరభద్రాలయం అలాంటి రక్షిత కట్టడమే. అమలు ఎలా ఉందో గుమ్మం దగ్గర నిలబడితే తెలుస్తుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళ వాదన తేలికది కాదు. మనమున్న ఈ అమెరికాలోనే దీనిమీద కోర్టుల్లో పెద్ద గొడవ జరిగింది. వాషింగ్టన్ నగరంలో డబ్బు తీసుకుని ఊరు చూపించేవాళ్ళు నూరు ప్రశ్నల పరీక్ష పాసవ్వాలని నియమం ఉండేది. మాట్లాడటానికి ప్రభుత్వం అనుమతి ఏమిటని కొందరు దావా వేస్తే, అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2014లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. అదే సంవత్సరం న్యూ ఆర్లియన్స్ నగరం పెట్టిన అలాంటి నియమాన్ని ఇంకో అప్పీలు కోర్టు సమర్థించింది. చార్ల్స్‌టన్ నగరం నియమం కూడా తర్వాత కోర్టులో నిలవలేదు. న్యూయార్కులో మాత్రం గైడు లైసెన్సు ఇప్పటికీ కావాలి. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, ఇన్ని సమాధానాలు.

నోరు మూయించే అధికారం సర్కారుకి ఉండకూడదన్న మాట మాకు ఇష్టమే. ఆ కుర్రాణ్ణి జైల్లో పెట్టాలని మేము అనడం లేదు. కానీ అతనికి మాట్లాడే హక్కు ఉన్నంత మాత్రాన అతన్ని కూలికి పెట్టుకుని మన పిల్లల ఎదురుగా పెద్దమనిషిగా నిలబెట్టే బాధ్యత మనకి లేదు కదా. కోర్టు తేల్చవలసింది అతని హక్కు. మేము ఇక్కడ అడుగుతున్నది మన ధర్మం.

అంతకన్నా మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటి ఉంది. మనం కార్డు ఉన్నవాడి కోసం చూస్తే కార్డు లేని ఆ కుర్రాడి పొట్ట కొట్టినట్టు కాదా? ఆ ఊళ్ళో అతనికి ఇంకో పని దొరకదేమో. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు ఉన్నారేమో. నాన్నగారు ఈ మాటే అన్నారు, "వాడి రెండొందలతో మనకేం పోయింది?" అని. చాలా రోజులు దీనికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడున్నది కూడా సగం జవాబే. అతనికి ఇవ్వాలనిపిస్తే ఇవ్వవచ్చు, కెమెరా సంచి మోయమని, మంచి హోటలు చూపించమని, కారు దగ్గర ఉండమని అడిగి కడుపునిండా ఇవ్వవచ్చు. మా పరిచయస్తుల్లో ఒకరు అలాంటి కుర్రాడికి గైడు శిక్షణకు ఫీజు కట్టారు. ఆకలిగా ఉన్నవాణ్ణి తెచ్చి ఆపరేషన్ చేయమని కత్తి చేతికివ్వడం మాత్రం దయ కాదు.

కార్డు లేకుండా మహాజ్ఞానులైనవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ఆ గుడి అర్చకులో, నలభై ఏళ్ళుగా కాపలా కాస్తున్న వాచ్‌మనో, రిటైరైన తెలుగు మాస్టారో అలాంటివాళ్ళు కావచ్చు. వాళ్ళు ఎదురుపడితే అదృష్టం. వాళ్ళ దగ్గర కూర్చుని వినాలి. కాకపోతే గుమ్మం దగ్గర వాళ్ళని గుర్తుపట్టే శక్తి మొదటిసారి వెళ్ళిన మనకి లేదు. వాళ్ళు సాధారణంగా గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని లాగరు కూడా.

ఇంతవరకు చెప్పినది మాటల సంగతి. మాట తప్పితే మనసు విరుగుతుంది. దారి తప్పితే ప్రాణమే పోతుంది. మన గుడి నుంచి ముక్తినాథ్, కైలాస మానససరోవరం వెళ్ళేవాళ్ళు బయలుదేరేముందు బీపీ మాత్రలు సర్దించుకోవడానికి మా దగ్గరికి వస్తుంటారు. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంది. కైలాస పరిక్రమలో డోల్మా లా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. అక్కడ తలనొప్పి, వాంతి, తడబడే నడక అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తే అది అలసట కాదు, ఎత్తు పడకపోవడం. వెంటనే కిందికి దిగాలి. అరవై దాటిన భక్తుడు "ఇంత దూరం వచ్చి దర్శనం కాకుండానా" అంటాడు. అప్పుడు "కుదరదు, దిగండి" అనగలిగేది ఆ లక్షణాలు నేర్చుకున్న గైడు ఒక్కడే. నేపాల్ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెక్కర్లు లైసెన్సు ఉన్న గైడుతోనే వెళ్ళాలని నియమం పెట్టింది. అక్కడ కూడా కార్డే సర్వస్వం కాదు. అవసరం లేకపోయినా ట్రెక్కర్లను హెలికాప్టరు ఎక్కించి ఇన్సూరెన్సు సొమ్ము గుంజుతున్న వ్యవహారం మీద 2018లో ఆ ప్రభుత్వమే విచారణ జరిపించింది. కొన్ని ట్రెక్కింగ్ సంస్థలు, గైడ్లు, ఆసుపత్రులు కూడా అందులో ఇరుక్కున్నాయి. అయితే పట్టుకోవడానికి అక్కడ పేర్లు ఉన్నాయి, కంపెనీలు ఉన్నాయి, లెక్కలు ఉన్నాయి. పేరే లేనివాడిమీద విచారణ ఎక్కడ మొదలుపెడతారు?

ఇంకొక నష్టం ఉంది, అది మనది కూడా కాదు, రాయిది. హంపీ విఠలాలయం రంగమండపంలో సంగీత స్తంభాలు అందరికీ తెలుసు. కొడితే స్వరాలు పలుకుతాయని ఎన్నో ఏళ్ళు వచ్చినవాళ్ళకల్లా కొట్టి వినిపించారు. లోపల ఏముందో చూడటానికి ఇంగ్లీషువాళ్ళు రెండు స్తంభాలు కోశారని కూడా కథ చెబుతారు. కల్పాక్కం శాస్త్రవేత్తలు రాతికి హాని చేయని పద్ధతుల్లో పరీక్షిస్తే అవి బోలు కావని, గట్టి రాయేనని తేలింది. మన శిల్పి గొప్పతనం అందులోనే ఉంది, రహస్యం ఏమీ అక్కర్లేదు. కొట్టడం ఇప్పుడు నిషేధం. 2019లో హంపీలో నలుగురు కుర్రాళ్ళు ఒక స్తంభాన్ని తోసి పడేసిన వీడియో దేశమంతా తిరిగింది. కోర్టు ఒక్కొక్కరికి 70,000 రూపాయల జరిమానా వేసి, పడేసిన స్తంభాన్ని వాళ్ళ చేతే నిలబెట్టించింది. అందరం వాళ్ళని తిట్టుకున్నాము. లేపాక్షిలో మేము తువ్వాలు లాగినప్పుడు, పీఠం మీద పిల్లని ఎక్కించి నవ్వమన్నప్పుడు, మమ్మల్ని ఎవరూ వీడియో తీయలేదు కనక బతికిపోయాము.

ఇప్పుడు మేము వెళ్ళే ముందే అక్కడి పర్యాటక శాఖ ఆఫీసుకో, టిక్కెట్టు కౌంటరుకో ఫోను చేసి గైడుని అడుగుతున్నాము. కార్డు చూపించమంటే మర్యాద తక్కువేమోనని మొదట్లో సిగ్గుపడ్డాము. కార్డు ఉన్నవాళ్ళు సంతోషంగా చూపిస్తారు. ఇబ్బంది పడేది లేనివాళ్ళే. చెప్పిన డబ్బు ఇస్తాము. పిల్లలకి మాత్రం ఒక ప్రశ్న నేర్పాము, "ఇది శాసనంలో ఉందా అండీ, కథా?" అని మర్యాదగా అడగమని. నాన్నగారు కూడా ఈమధ్య ఆ ప్రశ్న అడుగుతున్నారు. మొన్న ఫోనులో మమ్మల్నే అడిగారు, ఏదో రాజకీయాల వార్త చెబుతుంటే.

ఇదంతా రాస్తూ రాస్తూ ఒక విషయం దగ్గర కలం ఆగింది. మన గుడికి ప్రతి ఏడూ నవరాత్రుల సమయంలో చుట్టుపక్కల స్కూళ్ళ పిల్లలు బస్సులో వస్తారు. వాళ్ళకి గుడి తిప్పి చూపించేది ఎవరు? మనమే. ఖాళీగా ఉన్న వాలంటీరు, చీర బాగా కట్టుకున్నవారు, ఇంగ్లీషు గడగడా మాట్లాడేవారు. కొన్నేళ్ళ క్రితం ఒక అయిదో తరగతి పిల్లలకి మేము గంట కొట్టి, ఈ నాదం ఏడు సెకన్లు నిలుస్తుందని, ఒంట్లో ఏడు చక్రాలని తాకుతుందని, గర్భగుడి కింద ఉన్న రాగిరేకు భూమి అయస్కాంత తరంగాలని పీల్చుకుంటుందని చెప్పాము. వాళ్ళ టీచరు ఎంతో ఆసక్తిగా నోటు పుస్తకం తీసి, "ఇది ఎక్కడ చదివారు, పిల్లలకి చెబుతాను" అని అడిగింది. ఈమెయిల్లో వచ్చిందని చెప్పలేక వేరే మాటలోకి దిగాము. లేపాక్షి కుర్రాడికీ మాకూ తేడా ఏమిటంటే, అతను రెండొందల యాభై తీసుకున్నాడు, మేము ఊరికే చెప్పాము.

ఈ సంగతి కమిటీవారి ముందు పెట్టాము. గుడి చూపించే వాలంటీర్లకు అర్చకస్వామి, ఇద్దరు పెద్దలు కలిసి నాలుగు ఆదివారాలు తరగతులు చెప్పడానికి ఒప్పుకున్నారు. ఏది ఆగమం, ఏది పురాణం, ఏది మన ఊరి ఆచారం అన్నది విడివిడిగా చెప్పేటట్టు ఒక కాగితం కూడా తయారవుతోంది. పూర్తి చేసినవాళ్ళకి మెడలో కార్డు ఇస్తారట. వచ్చే స్కూలు బస్సుకి చూపించేవాళ్ళ జాబితాలో మా పేరు ఉంది. మా అమ్మాయి కూడా వెంట వస్తానంటోంది. ధ్వజస్తంభం గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. దానికి మా దగ్గర ఉన్నవి రెండు జవాబులు, రెండూ ఎక్కడ విన్నామో గుర్తులేదు. మంగళవారం సాయంత్రం హారతి అయ్యాక అర్చకస్వామిని అడిగి రాసుకోవాలి.